జమీందారు పెట్టె, సర్వేయరు చీర

నాటకాల పిల్లలు ఈ మధ్య మా ఇంటికి తెగ వస్తున్నారు. ఫోను నా మూతి దగ్గర పెట్టి, "మీ సర్వీసులో గొప్ప నాటకం ఏదమ్మా?" అని అడుగుతారు. ఏ పౌరాణికం పేరో చెబుతానని, ఏ మహానటుడికో మీసం అంటించిన కథ విప్పుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం ఒక్కసారే ఆడిన నాటకం గురించి చెబుతాను. ఆ ఒక్కసారీ తెర సరిగ్గా పడలేదు. అందులో హీరో దెయ్యం, హీరోయిన్ మగవాడు. పిల్లల ముఖాలు వాడిపోతాయి. వాడిపోనీ, నాకేం.

తెలియనివాళ్ళ కోసం నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. గూడూరులో మా నాన్న పెట్టిన డ్రెస్ కంపెనీని ఆయన తర్వాత నేను నడిపాను. కంపెనీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, గదుల నిండా ట్రంకు పెట్టెలు, వాటిలో కిరీటాలు, గదలు, విగ్గులు, చీరలు. నాటకాల వాళ్ళకు అవి అద్దెకిచ్చి, వెళ్ళి ముఖాలకు రంగు వేసి రావడం మా పని. సభలకు శాలువాలూ మేమే పంపేవాళ్ళం. మాది క్రైస్తవ కుటుంబం కాబట్టి డిసెంబరులో దేవదూతల రెక్కలు, మిగతా ఏడాదంతా దేవుళ్ళ కిరీటాలు. రెండు వైపుల దేవుళ్ళూ మాకు అన్నం పెట్టారు. రెండు వైపుల భక్తులూ సామాను చెప్పిన రోజుకి తిరిగివ్వలేదు.

సరే, నాటకం. నా మోకాళ్ళు మొరాయించి పని మానేయడానికి కొంచెం ముందు ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వచ్చారు. ఒకడు కోట అనే ఊరి దగ్గర రొయ్యపిల్లల హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్. పొడుగ్గా, సన్నగా, రంగు వేయకపోయినా దెయ్యానికి దగ్గరగా ఉన్నాడు. నాటకం రాసింది, ఆడించేది, దెయ్యం వేషం వేసేది అతడే. రెండోవాడు నెల్లూరులో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వాడిని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. వాళ్ళమ్మ మా చర్చి సంఘంలోనే ఉంది, మా కంపెనీకి జాకెట్లు కుట్టేదీ ఆమే.

"అక్కా, శవప్పెట్టె గావాల. ఒక జత కోరలు గావాల," అన్నాడు పొడుగువాడు, కూర్చోకముందే.

"ఎవుర్ని పూడుస్తుండావు రా?"

"పూడ్చేది కాదక్కా. లేపేది."

ఇంగ్లీషు వాళ్ళ పాత భయం కథ ఒకటి మీరూ వినే ఉంటారు. పాడుబడ్డ మేడలో ఒక దొర, పగలంతా పెట్టెలో పడుకుని చీకటిపడితే లేచి రక్తం తాగుతాడు. ఏదో కాగితాల పని మీద ఒక కుర్ర గుమాస్తా అక్కడికి వెళ్ళి ఇరుక్కుంటాడు. చివరికి నలుగురు వీరులు వచ్చి దొర గుండెలో మేకు దింపుతారు. మన పొడుగువాడు దాన్ని తెచ్చి మా సముద్రం ఒడ్డున పెట్టాడు. దొర జమీందారయ్యాడు, గుమాస్తా సర్వేయరయ్యాడు. పాత బంగ్లాకు కొలతలు తీయడానికి వచ్చిన సర్వేయరు కొలతలు పూర్తయినా తిరిగి వెళ్ళడు.

"ఎందుకు పోడు? భయమా?"

"కాదక్కా. ఇద్దురూ ఇష్టపడతారు."

"స్నేహం."

"స్నేహం కాదక్కా. ఇష్టం."

ఊఁ అన్నాను. నేను ఆ కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం పట్టుకుని రంగు వేసిన మగవాళ్ళకు లెక్కలేదు. రంగు వేసేటప్పుడు మనిషి కళ్ళు ఎక్కడికి పోతున్నాయో నాకు కనబడకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు రంగు కూడా అక్కర్లేకపోయింది. పొడుగువాడు కథ చెబుతుంటే నర్సు కుర్రాడు పెదవులు కదుపుతూ అదే కథ తనూ చెప్పుకుంటున్నాడు, వాడి ముఖం చూస్తూ. నాకు విషయం అర్థమైంది. అర్థమైనట్టు నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. నాటకాల వాళ్ళ మర్యాద అది.

పొడుగువాడు వెనకగదిలో సామాను చూడటానికి వెళ్ళినప్పుడు నర్సు కుర్రాడు నా దగ్గరకు జరిగాడు.

"అక్కా, మా అమ్మ ముందు వరసలో కూర్చుంటాది. చివరి సీన్లో మేకులు పట్టుకోని ఊరోళ్ళు వస్తారు గదా, అప్పుడు నేను పెట్టెకి అడ్డం నిలబడి ఒక మాట చెప్పాల. 'ఈయన దెయ్యం కాదు, నా మనిషి. పొడవాలంటే ముందు నన్ను పొడవండి' అని."

"బాగుండాది."

"మా అమ్మకి చెప్పాలని మూడేండ్లుగా చూస్తుండా. నోరు రాలేదక్కా. డైలాగైతే చెప్పగలను."

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ వాళ్ళమ్మ చేతిలో ఒక పెళ్ళికూతురి ఫోటో పెట్టేది. ఆమె దాన్ని బైబిల్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేది. కొడుకు ఒక పిల్ల పొడుగనేవాడు, ఒక పిల్ల పొట్టి అనేవాడు, ఒక పిల్ల సరిగ్గా ఉంటే అదీ ఒక లోపమనేవాడు. ఆ గొడవంతా నాకు తెలుసు. ఇన్నాళ్ళూ వాడికి పొగరనుకున్నాను. పొగరు కాదని ఆ రోజు తెలిసింది.

కోరల కోసం కట్టుడు పళ్ళు చేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. "పేషెంటు వయసెంతమ్మా?" అన్నాడు అలవాటుగా. మూడొందల ఏళ్ళుంటాయన్నాను. ఆయన తలెత్తకుండా, "చిగుళ్ళు గట్టిగా ఉండాయా?" అన్నాడు. పనిమంతుడు.

కోటలో ఏటా నాటక ఉత్సవాలు జరిపే కమిటీ ఒకటి ఉండేది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఏ నాటకమైనా ముందు కమిటీ ఎదుట చదివి వినిపించాలి. సెక్రటరీగారికి రొయ్యల మేత షాపుంది, చదవడం అక్కడే. మేత బస్తాల మధ్య కూర్చుని కళను పరీక్షించే కమిటీ అది. ఆ వాసనకు సగం మంది రచయితలు తమంతట తామే సీన్లు తగ్గించుకునేవాళ్ళు. దుస్తుల గురించి అడుగుతారని నన్నూ రమ్మన్నారు.

సెక్రటరీగారు మొదటి సగం కళ్ళు మూసుకుని విన్నాడు. రక్తం తాగే చోట తల ఊపాడు. పెట్టెలోంచి లేచే చోట భేష్ అన్నాడు.

"జనం జడుసుకోవాల, అదీ నాటకమంటే. అయితే అబ్బయా, ఈ సర్వేయరు మెడ కొరికే ముందు జమీందారు ఏడస్తాడేంది?"

"ఇష్టం గదన్నా."

"ఎవురి మీద?"

"సర్వేయరు మీద."

కమిటీలో ముగ్గురు ఒకేసారి ఫోన్లు తీశారు.

"చూడబ్బయా," అన్నాడు సెక్రటరీగారు చివరికి, చాలా న్యాయంగా. "ఆకలేసి కొరికితే మాకేం అభ్యంతరం లేదు. ఇష్టపడి కొరికితే కుదర్దు. ఆడోళ్ళొస్తారు, పిల్లోళ్ళొస్తారు."

నాకు నవ్వాగలేదు. అందరూ నన్ను చూశారు. దగ్గు అని చెప్పాను.

"కోర్టు కూడా తప్పు గాదనింది గదన్నా," అన్నాడు పొడుగువాడు.

"కోర్టు అంటే అననీ. కోర్టోళ్ళు వచ్చి మా ముందు వరసలో కూర్చుంటారా? మన సంస్కృతి ఒకటి ఉండాది."

ఆ మాట వినగానే నేను కమిటీ అధ్యక్షుడి వైపు చూశాను. ఎందుకంటే ఆ గదిలో సంస్కృతి అనేది ఎవరికైనా నిజంగా తెలిస్తే అది ఆయనకే. డెబ్బై దాటిన మనిషి, పొలం ఉన్న రైతు, తెల్ల పంచె, భుజాన కండువా. వయసులో ఉన్నప్పుడు ఈ జిల్లాలో ఆయన్ని మించిన ఆడవేషం లేదు. ఇరవై ఏళ్ళు రాణి వేషం వేశాడు. ఆయనకు రంగు వేసింది మా నాన్న. పక్కన రాజు వేషం ఎప్పుడూ ఒకరే, చిల్లకూరు వైపు మనిషి. ఆ ఇద్దరూ స్టేజి మీద పోట్లాడుకుంటే ముసలమ్మలు కిందనుంచి లేచి సర్దిచెప్పేవాళ్ళు. ఆ రాజు పోయి చాలా కాలమైంది. ఆయన పోయాక మా రాణిగారు మళ్ళీ రంగు వేసుకోలేదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "నాటకం ఆపడం ఎందుకబ్బా. ఆ సర్వేయర్ని ఆడమనిషిని చేస్తే సరిపోలా?"

సెక్రటరీగారి ముఖం వెలిగిపోయింది. "లేడీ సర్వేయరు! ఇప్పుడు ఆడోళ్ళు అన్ని ఉద్యోగాలు చేస్తుండారు. మెసేజి కూడా ఉంటాది!"

"నటి దొరకదన్నా," అన్నాను నేను. "సీజను. ఉన్న ఇద్దరూ ఊరూరా తిరుగుతుండారు."

"నటి ఎందుకు? ఈ అబ్బయే చీర కట్టుకుంటాడు," అన్నాడు అధ్యక్షుడు. "మేం కట్టలా?"

అందరూ అవునవునన్నారు. ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. టీ తెప్పించారు. అంతకు ముందు క్షణం వరకు ఇద్దరు మగవాళ్ళు చొక్కా ప్యాంట్లలో చేతులు పట్టుకుంటే కూలిపోయే సంస్కృతి, ఒకడికి చీర చుడితే వాళ్ళిద్దరూ కౌగిలించుకున్నా నిక్షేపంగా నిలబడుతుందట. మొత్తం సంస్కృతి ఐదున్నర మీటర్ల గుడ్డలో సర్దుకుంది. ఆ గుడ్డ అద్దెకిచ్చేది నేను. నా వ్యాపారం మీద నాకు అంత గౌరవం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

టీ తాగుతూనే అధ్యక్షుడు లేచి నర్సు కుర్రాడికి నడక నేర్పడం మొదలుపెట్టాడు. భుజాన ఉన్న కండువాను పైటలాగా లాగి, మేత బస్తాల మధ్య నాలుగడుగులు వేశాడు. నవ్వుదామని సిద్ధంగా ఉన్నవాళ్ళు నవ్వలేదు. ఆ ముసలాయన నడుము ఎక్కడ తిరిగిందో, మెడ ఎక్కడ వాలిందో ఎవరూ పట్టుకోలేకపోయారు. నిజంగా ఒక రాణి ఆ షాపులో నడిచి వెళ్ళింది. తర్వాత ఆయన పొడుగువాడి వైపు తిరిగాడు.

"నువ్వు చూసేది బాలేదబ్బయా. ఆమె వస్తే లోకంలో ఇంకెవురూ లేనట్టు చూడాల. మా రాజు అట్నే చూసేవోడు."

కమిటీ చప్పట్లు కొట్టింది. అందులో ఒక్కడికీ ఒక్క అనుమానం రాలేదు. అమాయకులు.

బయటికొచ్చాక బండి దగ్గర కుర్రాళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు. పొడుగువాడు నాటకం మానేద్దామన్నాడు. "నీకు మతుండాదా? చీర కట్టుకోని ఆ మాట చెప్తే మీ అమ్మకి ఏం అర్థమవతాది? హీరోయిను డైలాగనుకుంటాది. దానికోసమా ఇంత చేసింది?"

నర్సు కుర్రాడు హెల్మెట్ పెట్టుకుంటూ ఒకటే అన్నాడు. "ముందు నన్ను స్టేజి ఎక్కనీ."

జాకెట్టు కోసం వాళ్ళమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. కుట్టుమిషనూ ప్రార్థనా తప్ప మూడో సంగతి పట్టని మనిషి. ఎవరికని చెప్పకుండా కొలతలు చదివాను. ఆమె ఎప్పుడూ రాసుకోదు, విని గుర్తుపెట్టుకుంటుంది.

"భుజం ఇంత వెడల్పా?"

"మగమనిషేలే. నాటకానికి."

ఆమె కాసేపు సూదిలో దారం ఎక్కించింది. "ఎడమ భుజం రవ్వంత దిగి ఉంటాదా?"

ఆ ముక్క నేను చెప్పలేదు. "ఊఁ" అన్నాను.

"అయితే ఆ పక్క గుడ్డ ఎక్కువ వదలాల," అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. కొడుకు స్కూలు చొక్కాలన్నీ ఆమే కుట్టిందని నాకు ఇంటికొచ్చేదాకా గుర్తురాలేదు.

నాటకం రోజు మధ్యాహ్నమే గొడవలు మొదలయ్యాయి. శవప్పెట్టె మా సంఘానికి పెట్టెలు చేసిచ్చే వడ్రంగి దగ్గర తెచ్చాను. కొత్తదే, ఎవరూ వాడలేదు. అయినా కమిటీ వాళ్ళు ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. మా చర్చి యూత్ పిల్లలు నలుగురు వచ్చి, మాకు అలవాటైన పనే కదా అని, పాట పాడుకుంటూ స్టేజి ఎక్కించారు. తర్వాత రంగపూజ. సెక్రటరీగారికి ఆ పెట్టెను చూస్తే భయం, పూజ చేయకపోతే ఇంకా భయం. చివరికి దూరంగా నిలబడి చేయి చాపి పెట్టెకు పసుపు రాసి బొట్లు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. గుమ్మడికాయ తిప్పించాడు. రక్తం తాగే జమీందారు పసుపు కుంకుమలతో ముత్తైదువలా తయారయ్యాడు.

నేను నర్సు కుర్రాడికి రంగు వేశాను. చీర కట్టాను. జాకెట్టు అచ్చు పోసినట్టు సరిపోయింది, ఎడమ భుజంతో సహా. విగ్గు పెట్టబోతుంటే, "అక్కా, పిన్నులు తక్కువ పెట్టు," అన్నాడు.

"నా చేతి విగ్గు ఎప్పుడన్నా జారిందా? మాట్లాడకుండా కూర్చో," అని నాలుగు ఎక్కువే గుచ్చాను. వాడు అద్దంలో నన్ను చూసి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. చెప్పి చావొచ్చు కదా. మా నాన్న నేర్పిన పని, పిన్ను గుచ్చితే గాలివాన వచ్చినా కదలకూడదు.

చీకటి పడుతుండగా తెర లేచింది. పెట్టె మూత కిర్రుమని తెరుచుకోవాలి, జమీందారు లేవాలి, జనం కేకలు పెట్టాలి. సరిగ్గా మూత కదలగానే సముద్రం వైపు ఆకాశం ఎర్రగా వెలిగింది. శ్రీహరికోటలో రాకెట్. పొద్దున పోవాల్సింది, ఏదో కారణంతో ఆపి ఆపి మా నాటకం టైముకి వదిలారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా మైదానంలో ఒక్కడు కుర్చీలో ఉంటే ఒట్టు. అందరూ లేచి స్టేజికి వీపు తిప్పి ఫోన్లు పైకెత్తారు. సెక్రటరీగారూ ఎత్తాడు. జమీందారు లేచి చూశాడు, ఎవరూ చూడటం లేదని మళ్ళీ పడుకున్నాడు. ఉరుము చప్పుడు అణిగి జనం కూర్చున్నాక రెండోసారి లేచాడు. అప్పటికి చెమటకు నేను వేసిన తెల్లరంగు గీతలు పడి నిజంగానే భయంకరంగా ఉన్నాడు. పిల్లలు ఏడ్చారు. సెక్రటరీగారు తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

నాటకం రక్తి కట్టింది, నిజం చెప్పాలి. లేడీ సర్వేయరు టేపు పట్టుకుని బంగ్లా కొలుస్తుంటే జమీందారు రెండో కొస పట్టుకుని వెంట తిరిగే సీనుకు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వారు. కౌగిలింత దగ్గర ఈలలు పడ్డాయి. ముందు వరసలో వాళ్ళమ్మ మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. నేను పక్కతెర చాటునుంచి ఆమెనే చూస్తున్నాను.

చివరి సీను. మేకులు, సుత్తులు పట్టుకుని ఊరివాళ్ళు వచ్చారు. సర్వేయరు పరుగెత్తుకొచ్చి పెట్టెకు అడ్డం నిలబడింది. నిలబడి, ఒక్క క్షణం తలవంచుకుని, రెండు చేతులతో విగ్గు పట్టుకుని లాగేసింది.

నా పిన్నులు మరి. ఊరికే వస్తాయా? విగ్గుతో పాటు నుదుటి దగ్గర చర్మం కూడా వచ్చింది. వాడు విగ్గును అవతల పారేసి, పైట తీసి నడుముకు చుట్టుకుని, మగగొంతుతో, వాడి సొంత గొంతుతో, ముందు వరస వైపు చూసి చెప్పాడు.

"ఈయన దెయ్యం కాదు. నా మనిషి. పొడవాలంటే ముందు నన్ను పొడవండి."

నుదుటి మీదనుంచి రక్తం కారి కనుబొమ్మ దాటింది. వెనక వరసల వాళ్ళు ఎఫెక్టు అనుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ మాట అర్థమయ్యే కొద్దీ చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేకులు పట్టుకున్న ఊరివాళ్ళు పాఠం మరిచిపోయి అలాగే నిలబడ్డారు. "ఏయ్, తెర! తెర దించండ్రా!" అని సెక్రటరీగారు పక్కనుంచి కేకలు మొదలుపెట్టాడు. తాడు దగ్గర ఉన్నవాడు చేయి వేశాడు.

"వేసినావంటే చూడు," అన్నాడు అధ్యక్షుడు, కుర్చీలోంచి లేవకుండానే. తాడు ఆగింది.

ఇప్పుడు పెట్టెలోంచి జమీందారు లేచి సర్వేయరు చేయి అందుకోవాలి. లేచాడు. చేయి చాపాడు. నుదుటి మీద నిజం రక్తం చూశాడు. అంతే, మూడొందల ఏళ్ళుగా రక్తం తాగుతున్న మహానుభావుడు కళ్ళు తేలేసి పెట్టె అంచు పట్టుకుని కూలబడ్డాడు. రొయ్యపిల్లలతో పనిచేసేవాడికి రక్తం ఎక్కడ అలవాటు?

అప్పుడు వాళ్ళమ్మ లేచింది. వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. ఆమె తిన్నగా పక్క మెట్లెక్కి స్టేజి మీదికి వచ్చింది. చెప్పులు మెట్ల దగ్గర విడిచింది. కొడుకు దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని తల పైకెత్తి వెలుతురులో గాయం చూసింది. మైకులు ఆన్‌లోనే ఉన్నాయి. ఆమె మాట మైదానమంతా వినబడింది.

"ఇది రంగు కాదు. తగిలినాది."

పమిట కొంగు మడిచి గాయం మీద అదిమింది. ఆ తర్వాత పెట్టె వైపు తిరిగింది.

"ఏందబ్బయా, అట్టా చూస్తుండావు? లేచి రా. ఈ గుడ్డ పట్టుకో. గట్టిగా అదమాల. రోజూ రక్తం తాగేవోడివి, ఇంతేనా నువ్వు?"

మైదానం మొత్తం గొల్లుమంది. అంత నవ్వు నేను ఏ హాస్య నాటకంలోనూ వినలేదు. జమీందారు తూలుకుంటూ లేచి, కోరలు తీసి జేబులో వేసుకుని, ఆ కొంగు చివర పట్టుకున్నాడు. ఆమె కొంగు వదల్లేదు, అతడు చేయి తీయలేదు. నర్సు కుర్రాడు ఆ ఇద్దరి చేతుల కింద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికేముంది.

నవ్వు ఆగేలోపే అధ్యక్షుడు స్టేజి ఎక్కి మైకు తీసుకున్నాడు. జనం ఆలోచించడం మొదలుపెట్టకముందే ఏదో ఒకటి చేయాలని నాటకాలాడిన మనిషికి తెలుసు. నా వైపు చూసి శాలువా తెమ్మన్నాడు. ట్రంకు మీద ఉన్నది ఒకటి తెచ్చిచ్చాను.

"ఈ ఇద్దరూ చాలా బాగా చేసినారు," అన్నాడు. "శాలువాలు తక్కువొచ్చినాయి. ఇద్దరికీ కలిపి ఒకటే కప్పుతుండాం. ఎవురూ ఏమనుకోవద్దు."

మన సభల్లో ఇద్దరికీ కలిపి ఒకే శాలువా ఎవరికి కప్పుతారో మీకు చెప్పనక్కర్లేదు. భార్యాభర్తలకు. ఆయన ఆ పెద్ద జరీ శాలువాను విప్పి, ఒక కొస జమీందారు భుజం మీద, రెండో కొస సర్వేయరు భుజం మీద వేసి, మధ్యలో ముడత లేకుండా సర్దాడు. శాలువా కప్పితే చప్పట్లు కొట్టడం మన జనానికి చేతి అలవాటు, బుర్రతో పనిలేదు. మైదానం మోగిపోయింది. సెక్రటరీగారు కూడా కొట్టాడు. నాలుగు కొట్టాక ఏం చేస్తున్నాడో గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వాళ్ళమ్మ నా వ్యానులోనే వచ్చింది. చిల్లకూరు దాటాం. తర్వాత, "పాస్టరమ్మకి ఫోటోలు ఎనక్కిచ్చేయాల," అంది. ఇంకాసేపటికి, "ఆ జమీందారు ఏం తింటాడో కనుక్కో. మనిషి మరీ పీలగా ఉండాడు," అంది. అంతకు మించి ఆమె నాతో ఆ విషయం ఎప్పుడూ మాట్లాడలేదు. చర్చిలో కొందరు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. ఆమె ఆ ఖాళీలో కాళ్ళు చాపుకుని కూర్చునేది.

అందరూ మారిపోయారని కథ ముగిస్తాననుకోకండి. మరుసటి ఏడాది కమిటీ నియమాల్లో కొత్తది ఒకటి చేరింది. రంగస్థలం మీద విగ్గు తీయరాదు. సెక్రటరీగారు దీర్ఘంగా ఆలోచించి, మన సంస్కృతికి ప్రమాదం ఎక్కడుందో చివరికి కనిపెట్టాడు. అది విగ్గులో ఉంది. ఆ నాటకాన్ని ఇంకెక్కడా ఆడనివ్వలేదు. పెట్టె వడ్రంగికి తిరిగిచ్చాను, కొనేవాళ్ళు ఆ పసుపు మరకలేమిటని అడుగుతున్నారని చాలాకాలం గొణిగాడు. కుర్రాళ్ళిద్దరూ నెల్లూరులోనే ఉన్నారు. గూడూరు వచ్చినప్పుడు నన్ను చూసిపోతారు. నర్సు కుర్రాడి నుదుటి మీద నా పిన్ను గీత ఇంకా ఉంది. పొడుగువాడు కొంచెం ఒళ్ళు చేశాడు. ఎవరి వంటో నాకు తెలుసు.

నాటకం మర్నాడు ఉదయం జరిగింది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఉత్సవాలయ్యాక మా సామాను ఎప్పుడూ ఏ ట్రాలీ ఆటోలోనో పడేసి పంపేవాళ్ళు. ఆ రోజు అధ్యక్షుడే తెచ్చాడు. నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాడు కనుక ఈ వయసులోనూ నన్ను పాపా అనే పిలిచేవాడు. వసారాలో కూర్చుని కాఫీ తాగాడు. ఆయన ఎదురుగానే నేను శాలువాల ట్రంకు తెరిచాను. మడత విప్పనివి దొంతరగా ఉన్నాయి.

"ఏందన్నా, ఇన్ని మిగిలుండాయి గదా? తక్కువొచ్చినాయని మైకులో చెప్పినావే?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. వంగి, పైనున్న శాలువా జరీ అంచును వేలితో ఒకసారి సర్దాడు.

"నాకు తెల్దా పాపా. ఇరవై ఏండ్లు పక్కపక్కన నిలబడినాం, నేనూ మా రాజూ. యాడికి పోయినా సన్మానమే. ప్రతిసారీ చెరొకటి కప్పినారు."